తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగాలి

సమస్య

నేను ఎమ్మే క్లినికల్ సైకాలజీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఇంటర్ పిల్లల్లో పరీక్షల ఒత్తిడి, డిప్రెషన్ మీద నా డిసర్టేషన్. సినాప్సిస్‌లో 120 మంది శాంపిల్ అని రాశాం. 94 ఫారాలే చేతికొచ్చాయి. పరీక్షలు దగ్గర పడ్డాయని కాలేజీ వాళ్లు ఇక లోపలికి రానివ్వడం లేదు. గైడ్ సార్‌కి రెండు అధ్యాయాలు పంపి నెల దాటినా ఆయన చూడలేదు. ‘మిగతా ఫారాలు మనమే నింపేద్దాం, ఎవరికి తెలుస్తుంది’ అంటోంది మా రూమ్మేట్. సబ్మిషన్‌కి మూడు వారాలే ఉంది. ఇంట్లో మాత్రం ప్రాజెక్ట్ ఎప్పుడో ఇచ్చేశానని చెప్పాను. ఇవ్వలేదని తెలిస్తే నాన్నగారు చదువు చాలించమని సంబంధం ఖాయం చేసేస్తారు. పైకోర్సు చేసి క్లినికల్ సైకాలజిస్టుని కావాలని నా ఆశ. ఇంకోటి, డేటా ఎక్కిస్తుంటే ఒక అబ్బాయి ఫారం కనిపించింది. మొత్తం స్కోరు 8 మాత్రమే. కానీ తొమ్మిదో ప్రశ్నకి 2 పెట్టాడు. పక్కన పెన్సిల్‌తో ‘మా నాన్నకి చెప్పొద్దు’ అని రాసుంది. సార్‌కి ఫోన్ చేసి అడిగితే, ‘మైల్డ్‌లోకే వస్తుంది, ఎంటర్ చేసెయ్, మనం ట్రీట్‌మెంట్ చేయకూడదు’ అన్నారు. గడువులోగా ప్రాజెక్ట్ ఎలా పూర్తి చేయాలో సలహా ఇవ్వండి.

– పేరు వద్దు, విశాఖపట్నం

సలహా

గడువు గురించి వచ్చే ఉత్తరాలకు కొదవ లేదు. ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఆ పెన్సిల్ రాత. అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కనుక, ఉత్తరం అందిన రోజే ఆ అమ్మాయికి విడిగా కబురు వెళ్లింది. ప్రాజెక్ట్ పక్కన పెట్టి ముందు ఆ అబ్బాయి సంగతి చూడమని.

ప్రాజెక్ట్ మాట రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 94 ఫారాలతో డిసర్టేషన్ రాస్తే పుట్టి మునగదు. అనుకున్నంత మంది ఎందుకు దొరకలేదో పరిమితుల భాగంలో ఉన్నదున్నట్టు రాస్తే చాలు. గైడ్ పలకకపోతే హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా చెప్పి గడువు అడగాలి. రూమ్మేట్ ఇచ్చిన సలహా మాత్రం చెవిన కూడా వేసుకోకూడదు. నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్ విశ్వవిద్యాలయంలో డిడెరిక్ స్టాపెల్ అనే పేరుమోసిన సైకాలజీ ప్రొఫెసర్ ఇలాగే కూర్చున్నచోటే లెక్కలు పుట్టించి, వాటిని తన పరిశోధక విద్యార్థులకు కూడా పంచాడు. 2011లో ఆయన దగ్గరి యువ పరిశోధకులే ఆ సంగతి బయటపెట్టారు. ఆయన వ్యాసాలు 58 వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇక ఆ ఫారం. అది పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి. గత రెండు వారాల్లో మనసు ఎలా ఉందో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా, మొత్తం 27. అందులో 5 నుంచి 9 వస్తే ‘మైల్డ్’ అంటారు. నిద్ర, ఆకలి, నీరసం, చదువు మీద ధ్యాస, ఇలా సాగిన ప్రశ్నలు చివరికి తొమ్మిదోదానికి వస్తాయి. చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తానే హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుంది అది. 2 అంటే సగానికి పైగా రోజులు. అంటే ఈ పిల్లవాడికి ఆ రెండు వారాల్లో వారం కంటే ఎక్కువ రోజులే అలా అనిపించింది. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, క్లాసులో కూర్చుంటున్నాడు, అందుకే మొత్తం 8 దగ్గర ఆగింది. ఆ ఎనిమిదిని చూసి ఊరుకోవడం ఎంత ప్రమాదమో సైకాలజీ పాఠం చెప్పే మనిషికి ఒకరు చెప్పాలా? తొమ్మిదో ప్రశ్నకు 1 పెట్టినా సరే, మొత్తంతో పని లేకుండా ఆ మనిషిని పిలిచి మాట్లాడాలి.

విద్యార్థిని చికిత్స చేయకూడదన్న మాట నిజమే. మన దేశంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారే క్లినికల్ సైకాలజిస్టులు. ఆమెకు ఆ అర్హత ఇంకా రాలేదు. ఆమె మీద గైడ్ అని ఒకరిని పెట్టిందే అందుకు. అర్హులైన వారి దగ్గరికి ఆ పిల్లవాణ్ణి చేర్చడం ఆయన బాధ్యత. ఆయన చేతులు దులుపుకున్నారు సరే, ఈ అమ్మాయి కూడా ఆ మాట దొరికిందే చాలన్నట్టు ఊరుకుని, ఇంత పెద్ద సంగతిని ‘ఇంకోటి’ అని ఉత్తరం చివర్లో పడేసింది. రేపు క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునే పిల్ల చేయాల్సిన పని కాదిది.

ఫారం మీద పేరు లేకపోయినా సాధారణంగా కోడ్ నంబరు ఉంటుంది, ఏ కోడ్ ఎవరిదో రాసుకున్న రిజిస్టర్ ఉంటుంది. అలాంటి రిజిస్టర్ తెరవాల్సిన సందర్భం ఇదే. గైడ్‌తోనో, ఆయన కదలకపోతే హెచ్‌ఓడీతోనో, కాలేజీ కౌన్సెలర్‌తోనో కలిసి అదే రోజు ఆ అబ్బాయిని చూడాలి. స్టాఫ్‌రూమ్‌లో పదిమంది ముందు కాదు, తలుపు వేసుకునే వీలున్న గదిలో. ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది నీళ్లు నములుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2005లో అచ్చయింది. అలా అడిగినందువల్ల పిల్లల్లో బాధగానీ ఆ ఆలోచనగానీ పెరగలేదు. ముందే దిగులుతో ఉన్నవాళ్లకు అది కాస్త ఊరటే ఇచ్చింది.

‘మా నాన్నకి చెప్పొద్దు’ అన్న మాటను ఏం చేయాలి? ఎవరికీ చెప్పొద్దని రాయలేదు వాడు. చదివేవాళ్లు ఒకరుంటారని తెలిసే రాశాడు. వాడికి దొంగమాట ఇవ్వకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లో చెప్పక తప్పదని మొదటే చెప్పేయాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతను హక్కుగా ఇస్తూనే, ప్రాణాపాయం తప్పించడానికి అవసరమైనంత వరకు చెప్పనిస్తుంది. అయితే ముందు ఎవరికి చెప్పాలి, అమ్మకా, మేనమామకా, ఆ చెప్పే మాటలేమిటి అన్నది వాణ్ణి అడిగి చేయొచ్చు. నాన్న అంటే భయం ఎందుకో కూడా అడగాలి. ఇంట్లో దెబ్బలుంటే దారి వేరు. రాత్రీ పగలూ ఎత్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి వాడి చేతిలో పెట్టాలి. అక్కడ తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు నాన్నల సంగతి. విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల ముందు ఆదివారం పూట చూస్తే, చెట్టు నీడనా మెట్ల మీదా కుటుంబాలు కూర్చుని ఉంటాయి. క్యారియర్ విప్పి తల్లి పులిహోర పెడుతుంటే, పిల్లవాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే తండ్రి నోట వచ్చే ప్రశ్న ‘వీకెండ్ టెస్ట్‌లో ఎంతొచ్చింది?’ అని. ఆయన చెడ్డవాడు కాదు. అప్పు చేసి ఫీజు కట్టాడు, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. కానీ మార్కు తప్ప ఇంకో సంగతి అడగని తండ్రికి ఇంకో సంగతి చెప్పడం పిల్లలకు అలవాటు కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఏ ఒక్క మరణానికీ ఒక్కటే కారణం ఉండదు. అయినా మార్కుల లెక్కలో పొరపాట్ల మీద జరిగినంత చర్చ, ‘తప్పాను’ అన్న మాట ఇంట్లో చెప్పగలిగే వీలు పిల్లలకు ఉందా అన్నదాని మీద జరగలేదు. తప్పినా ఇంట్లో అన్నం పెడతారన్న ధైర్యం వాళ్లకు ఫలితాల రోజున కాదు, అంతకు రెండేళ్ల ముందు నుంచే ఉండాలి.

ఉత్తరం రాసిన అమ్మాయి ఇల్లూ ఇలాంటిదే. ఇవ్వని ప్రాజెక్ట్ ఇచ్చేశానని ఆమె నాన్నగారికి చెప్పింది, ఆ అబ్బాయి పెన్సిల్‌తో రాసుకున్నాడు. నాన్నగారిని చూసి ఆమె ఎంత భయపడుతోందో ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది, ఆ భయంలో ఆమె తప్పు పెద్దగా లేదు. కానీ మూడు వారాల్లో ఎలాగూ బయటపడే అబద్ధాన్ని ఇంకా మోయడం దేనికి? ఆ అబ్బాయిని కలిసి వచ్చాక అమ్మకు ఫోన్ చేసి, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టమని, ప్రాజెక్ట్ ఇంకా పూర్తికాలేదని, ఒక సెమిస్టర్ ఆలస్యం కావచ్చని, ఈ ఏడాది సంబంధాల మాట ఎత్తొద్దని ఒకేసారి చెప్పాలి. ఆయన కోపంతో ఫోన్ పెట్టేస్తే మర్నాడు మళ్లీ చేయాలి.