అరగంటలో ముగిసే అంతరిక్ష పందెం

ప్రశ్న: రాత్రి భోజనాలయ్యాక నలుగురు కూర్చుని త్వరగా ముగించగల, అదృష్టం కన్నా ఎత్తుగడకు చోటున్న అంతరిక్ష పందెపు ఆట ఉందా? అష్టాచెమ్మా ఆడే ఇంటికి అది పట్టుబడుతుందా? – ఒక పాఠకురాలు, శిరివెళ్ల

జవాబు: 2013లో వెలువడిన ‘గ్రావ్‌వెల్’ ఇందుకు తగినది, నలుగురి వరకు ఆడగల ఈ ఆటలో ఓడలన్నీ సుడి మధ్యనుంచి బయటి ద్వారం వైపు పారిపోతాయి. అష్టాచెమ్మాలో గవ్వలు, అవి లేనప్పుడు ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఏ కాయను నడపాలన్నదే ఆటగాడి చేతిలో ఉంటుంది గాని, ఎంత పడుతుందన్నది ఉండదు. గ్రావ్‌వెల్‌లో పాచికలే లేవు. ముక్కలను జతలుగా ఎంచుకునేటప్పుడు ఒకటి కనబడుతూ, రెండోది బోర్లించి ఉంటుంది గనుక ఎదుటివారి బలం సగమే తెలుస్తుంది. ఆపై అందరూ ఒక్కొక్క ముక్కను రహస్యంగా వేసి ఒకేసారి తిప్పగా, ఆంగ్ల అక్షరక్రమంలో ముందున్నది ముందు కదులుతుంది. అయితే ఓడ సాధారణంగా తనకు అతి సమీపంలోని ఓడవైపే లాగబడుతుంది. ఈ గురుత్వాకర్షణ నియమం వల్ల అందరికన్నా ముందున్నవాడే వెనక్కి జారుతుంటాడు, నిజానికి ఆట రుచి అంతా ఆ దిగులులోనే ఉంది. ప్రతి ఆవృత్తంలో ఒక్కసారి మాత్రం తన కదలికను రద్దు చేసుకోవచ్చు.

ఆంగ్ల అక్షరాలు రాని పెద్దలుంటే వారిని పిల్లలతో జతచేయడం మేలు. అష్టాచెమ్మాతోనే సరిపెట్టుకోదలిస్తే, ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గడుల్లోకి వెళ్లరాదన్న నియమాన్ని సడలించకూడదు. ఆ ఆటలో ఎత్తుగడ చాలావరకు దానిమీదే నిలిచి ఉంది.