అడిగేవాళ్లదే హ్యాకర్ల సదస్సు

"అమ్మా, హ్యాకర్ల సదస్సుకి కొచ్చి వెళ్లొస్తా" అని కావలిలోనో కోటలోనో అల్లూరులోనో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అన్నాడనుకోండి. ఆ తల్లికి ముందుగా గుర్తొచ్చేది ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేసే ఫోన్‌కాల్. ఆమె భయంలో తప్పులేదు. కాబట్టి ప్రయాణానికి ముందు చేయాల్సిన మొదటి పని, ఇంట్లో కూర్చుని విషయం విడమరిచి చెప్పడం. కేరళలో ఏటా జరిగే కోకాన్ సదస్సును ఒక సమాచార భద్రతా పరిశోధన సంఘంతో కలిసి నిర్వహించేది సాక్షాత్తూ కేరళ పోలీసు శాఖ. గోవాలో నల్‌కాన్ అనే మరో సదస్సు 2010 నుంచి జరుగుతోంది. వీటన్నిటికీ పెద్దన్న లాంటి డెఫ్‌కాన్‌ను జెఫ్ మాస్ అనే కుర్రాడు 1993లో లాస్ వేగాస్‌లో మొదలుపెట్టాడు. వంద మందితో మొదలైన ఆ సదస్సుకు ఇప్పుడు వేలాది మంది వస్తారు. తాళం ఎలా తెరుచుకుంటుందో తెలిసినవాళ్లే గట్టి తాళం తయారుచేయగలరన్న నమ్మకంతో నడిచే సభలివి. ఈ మాట అర్థమైతే ఇంట్లో సగం భయం పోతుంది.

మన నెల్లూరు తీరం పిల్లల్ని ఇలాంటి చోటికి వెళ్లమని నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉద్యోగం కాదు. "నాకు తెలియదు, చూపిస్తారా" అని నలుగురిలో అడగడం అక్కడ అలవాటవుతుంది. మన తరగతి గదుల్లో ప్రశ్న అడిగితే పక్కవాడు నవ్వుతాడని భయం, లెక్చరర్ ఏమనుకుంటారోనని భయం. నాలుగేళ్లు అలా నోరు మూసుకుని కూర్చున్న పిల్లలు ఇంటర్వ్యూలో నోరు పెగలక ఇబ్బంది పడుతున్నారు. హ్యాకర్ల సదస్సులో మర్యాద దీనికి తలకిందులు. అక్కడ తెలియనితనానికి చిన్నచూపు లేదు, తెలిసినట్టు నటిస్తేనే చులకనవుతారు.

నేరుగా కొచ్చికో గోవాకో పరుగెత్తక్కర్లేదు. నల్ అనే స్వచ్ఛంద భద్రతా సంఘానికి హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ శాఖలున్నాయి. వాళ్ల సమావేశాలకు రుసుము ఉండదు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ముందు అక్కడ నాలుగు మాటలు విని, నలుగురి ముఖాలు చూసి రండి. ఇంటి దగ్గర కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి పికోసీటీఎఫ్ అనే ఆన్‌లైన్ భద్రతా పోటీలో కొన్ని పజిళ్లు విప్పండి. ఓవర్‌ద‌వైర్ వాళ్ల బ్యాండిట్ ఆటలో లినక్స్ ఆదేశాలు చేతికి పట్టేదాకా ఆడండి. రెండూ ఉచితమే. ఇవేవీ చేయకుండా పెద్ద సదస్సుకు వెళితే అక్కడి సందడి చూసి బెదిరిపోతారు. ఇవి చేశాక నెల్లూరు స్టేషన్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొచ్చి సదస్సు కోసం ఎర్నాకుళంలో దిగండి. టికెట్ ధర భారమనిపిస్తే విద్యార్థి రాయితీ ఉందేమో, వాలంటీర్లను తీసుకుంటున్నారేమో నెలల ముందే నిర్వాహకులకు మెయిల్ రాసి కనుక్కోండి. బ్యాడ్జీలు పంచినా, కుర్చీలు సర్దినా చిన్నతనం కాదు. వక్తలతో తీరిగ్గా మాట్లాడే అవకాశం వాలంటీర్లకే ఎక్కువ.

ఫోన్ గురించి అందరూ అడుగుతారు. డెఫ్‌కాన్‌లో గొర్రెల గోడ అని ఒకటుంది. అక్కడి వైఫైలో రక్షణ లేకుండా లాగిన్ అయినవాళ్ల యూజర్ పేర్లు, సగం దాచిన పాస్‌వర్డ్‌లు తెరమీద వేస్తారు. పరువు తీయడానికి కాదు, కళ్లు తెరిపించడానికి. ఇప్పుడు చాలా సైట్లు సమాచారాన్ని గుప్తీకరించే పంపుతున్నాయి కాబట్టి వణికిపోవాల్సిన పనిలేదు. బయల్దేరే ముందు ఫోన్, ల్యాప్‌టాప్ అప్‌డేట్ చేసుకోండి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఇంట్లో ఉంచండి. వైఫై, బ్లూటూత్ ఆపి మొబైల్ డేటా వాడండి. సొంత చార్జర్, కాస్త నగదు దగ్గరుంచుకోండి. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను, గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను ముట్టుకోకండి. ఇంతకుమించి భయపడితే సదస్సంతా ఫోన్‌ను కాపలా కాయడంతోనే సరిపోతుంది.

లోపలికి వెళ్లాక ఎక్కువమంది చేసే పొరపాటు, పొద్దున్నించి సాయంత్రం దాకా ప్రసంగాల వెంట పరుగెత్తడం. డెఫ్‌కాన్, నల్‌కాన్ ప్రసంగాల వీడియోలు తర్వాత యూట్యూబ్‌లో వస్తాయి. మైపాడులో ఇంట్లో కూర్చుని చూడొచ్చు. వీడియోలో దొరకనివి మనుషులు, చేత్తో చేసే పని. రోజుకు రెండు ప్రసంగాలు చాలు. మిగతా సమయం విలేజీలలో గడపండి. ఒక్కో విద్యకు ఒక్కో మూల కేటాయించి, వచ్చినవాళ్లతో చేయించే చోటును అక్కడ విలేజీ అంటారు.

తాళాల విలేజీ బల్ల దగ్గర ఒక్క గంట కూర్చోండి. లోపలి భాగాలు కనిపించే పారదర్శకమైన తాళం ఒకటి చేతికిస్తారు. వంచిన సన్నని రేకుతో తాళం బుర్రను కొద్దిగా తిప్పి పట్టి, మరో పుల్లతో లోపలి పిన్నులను ఒక్కొక్కటే పైకి నెట్టాలి. రేకు మీద బలం ఎక్కువైతే పిన్నులన్నీ బిగుసుకుపోతాయి, తగ్గితే నెట్టినవి మళ్లీ జారిపోతాయి. సరైన ఎత్తుకు చేరిన పిన్ను చిన్నగా టిక్కుమంటుంది, వేలికి తెలుస్తుంది. చివరి పిన్ను కూర్చోగానే బుర్ర తిరుగుతుంది. మొదటిసారి చాలామందికి రాదు. పక్కనున్నాయన పేరు కూడా చెప్పకుండా మీ మణికట్టు సరిచేస్తాడు. అలా నేర్చుకున్న ఓపిక ఏ వ్యక్తిత్వ వికాస శిబిరంలోనూ దొరకదు. రొయ్యల చెరువులో మేత వేసి, కొంతసేపటికి చెక్ ట్రే పైకెత్తి ఎంత మిగిలిందో చూసి, దాన్నిబట్టి రేపటి మేత లెక్క మార్చే రైతు చూపే ఇక్కడ కావాల్సింది. ఆ చూపు మన తీరం పిల్లలకు ఇళ్లలోనే అబ్బింది. దాన్ని కంప్యూటర్ మీదికి మళ్లించడమే మిగిలింది.

అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. నల్‌కాన్‌లో విన్‌జా అనే పోటీని మహిళల కోసం మహిళలే మొదలుపెట్టారు. "అక్కడ అంతా మగపిల్లలే ఉంటారమ్మా" అని ఎవరైనా ఆపితే ఈ సంగతి చెప్పండి.

ఫొటోలు తీయాలంటే ముందు అడగండి. ముఖం బయటపడటం ఇష్టంలేనివాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. మాట కలిపిన ప్రతివారికీ ఇంటర్న్‌షిప్ కంపెనీ లోపలి సంగతులు చెప్పేయకండి. మాటల్లో పెట్టి రహస్యం లాగడం కూడా వాళ్లు సాధన చేసే విద్యే. "అన్నా, ఉద్యోగం ఇప్పించు" అని మొదలుపెట్టకండి. వాళ్లు చేసిన పని గురించి అడగండి. అసలు సంభాషణ అక్కడినుంచే సాగుతుంది. మూడు గంటల నిద్ర, రెండు భోజనాలు, ఒక స్నానం చాలని డెఫ్‌కాన్‌లో ఒక పాత లెక్క ఉంది. స్నానం, భోజనం సంగతి సరే, నిద్ర విషయంలో నేను ఒప్పుకోను. నిద్రలేని బుర్రకు ఏ టిక్కూ వినపడదు.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది అనుమతి గురించి. సదస్సులో నేర్చుకున్నది ఇంటికొచ్చి కాలేజీ సర్వర్ మీదో, ఊళ్లో బ్యాంకు సైటు మీదో ప్రయోగిస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సరదాకి చేశాననే మాట కాపాడుతుందని నమ్ముకోకండి. మన తెలుగువాడి ఉదంతమే చూడండి. హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్ 2010లో మిషిగన్ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, డచ్ హ్యాకర్ రాప్ గోంగ్రిప్‌లతో కలిసి మన ఓటింగ్ యంత్రాన్ని విప్పి, అందులో లోపాలున్నాయని చూపారు. ఎన్నికల సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు. యంత్రం ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు. దాని చోరీ కేసులో ఆ ఆగస్టులో అరెస్టయి, తర్వాత బెయిల్ మీద బయటికొచ్చారు. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి పయొనీర్ అవార్డు ఆయనకు వచ్చింది. పరిశోధన విలువ ఎంతైనా, "ఈ వస్తువు నీ చేతికెలా వచ్చింది" అన్న ప్రశ్న ముందు వస్తుందని ఆ ఏడాదే చెబుతోంది. ఎక్కడైనా లోపం కనబడితే లోతుకు తవ్వకుండా ఆగి, సంస్థకో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్‌కో రాసి పంపండి. చేతనవునని తెలిసీ ఆగగలిగినవాళ్లనే భద్రతా రంగం నమ్మి తన తాళాలు అప్పగిస్తుంది.

తిరిగొచ్చాక వారంలోపు, మీకు ఏదైనా చూపించినవాళ్లకు రెండు వాక్యాలు రాయండి. నేర్చుకున్నది కాలేజీలో జూనియర్లకు తెలుగులో చేసి చూపించండి. మన తీరంలో అలాంటి బల్ల ఒకటి వేసి కూర్చునేవాళ్లు చాలా అవసరం. ముందుగా చెన్నైలో నల్ సమావేశం ఎప్పుడో ఈ రోజే కనుక్కోండి. వెళ్లేటప్పుడు మీకు నిజంగా తెలియని ప్రశ్న ఒకటి కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడ లేచి నిలబడి అడగండి.