సుడిలో నిలుచు మంట

పల్నాటి సీమ సున్నపురాతికి నెలవు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుగన్నది. మాచెర్లలో 1958వ సంవత్సరమున కె.సి.పి. సిమెంటు కర్మాగారము వెలసినది. సున్నపురాయి సున్నముగా మారుటకు సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియు, సిమెంటు బట్టీలో ముడిసరకు గట్టి ఉండలు కట్టుటకు సుమారు 1450 డిగ్రీల వేడిమియు కావలెను. మంట నిలకడగా నున్నప్పుడే ఈ పనులు సాగును.

రాయి కాలునప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది తాను మండదు, మండుదానిని అణచును. పశువుల పేడనుండి పుట్టు గోబరు గ్యాసులోను ఈ వాయువు కలదు. గోబరు గ్యాసులో నూటికి సుమారు 60 పాళ్ళు మీథేను. తక్కినది ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువే. కావున అది నీరు కలిపిన పాలవంటిది.

మంటకు నడక కలదు. గాలితో తగుపాళ్ళలో కలిసిన మీథేనులో మంట సెకండునకు సుమారు 40 సెంటీమీటర్లు ప్రాకును. బొగ్గుపులుసు వాయువు చేరినచో, అది వేడిమిని గ్రహించి ఆ నడకను మందగింపజేయును. వాయువు వచ్చు వేగము మంట నడకను మించినచో, మంట బర్నరును విడిచి పైకి లేచును. మరియు మించినచో ఆరిపోవును. ఆరిన కొలిమిలో మండని వాయువు నిండి, నిప్పురవ్వ సోకగనే ప్రేలవచ్చును. మంట ఆరుట పని చెడుట మాత్రమే కాదు, ప్రాణాపాయము కూడ.

ఇంటి గోబరు గ్యాసు పొయ్యికి రంధ్రములు పెద్దవిగా నుంచి వాయువును మెల్లగా వదలిన చాలును. పెద్ద కొలిమిలో వాయువు వడిగా రావలసియుండును. అచట ఉపాయము సుడి. గాలిని ఏటవాలు రేకుల నడుమనుండి పంపినచో అది గిరగిర తిరుగుచు వెలువడును. వేసవిలో చేలమీద లేచు సుడిగాలి నడుమ ఒత్తిడి తగ్గి ఎండుటాకులను లాగుకొనునట్లే, ఈ సుడి నడుమను ఒత్తిడి తగ్గును. అందుచే ముందుకు పోయిన వేడివాయువులు కొన్ని వెనుకకు మరలి, మంట మొదలును చేరి, క్రొత్తగా వచ్చు ఇంధనమును రగిలించును. ఆ విధముగా మంట తన్ను తానే వెలిగించుకొనుచుండును.

సుడి మితిమీరినచో మంట బర్నరు నోటికి అంటుకొని లోహమును కాల్చును. కావున రేకుల వాలును ఇంధనమునకు తగినట్లు కుదుర్పవలెను. సిమెంటు బట్టీలలో బొగ్గుపొడిని మండించు బర్నరులందును గాలిని సుడి త్రిప్పు పద్ధతి కలదు.

పలుచని ఇంధనము పనికిమాలినది కాదు. పేడనుండి, మురుగునుండి, చెత్తనుండి పుట్టు వాయువైనను, దాని స్వభావ మెరిగి గాలిని నడిపించువానికి చక్కని నిప్పు నొసగును.