దివిటీల వెలుగుకు ఏ లెన్స్?

ప్రశ్న: కొత్త డిజిటల్ కెమెరాతో 18–55 లెన్స్ వచ్చింది. దసరా రాత్రి దివిటీల వెలుగులో కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవం తీయాలని ఉంది. పెద్ద జూమ్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఆలూరు

జవాబు: జూమ్ ఇప్పుడే వద్దు. మాళ మల్లేశ్వరస్వామి కొండ దగ్గర అర్ధరాత్రి మీకు కరువయ్యేది దగ్గరితనం కాదు, వెలుతురు. మీ లెన్స్‌ను 55 దగ్గరికి తిప్పితే దాని కన్ను ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. అంటే సెకనులో 25వ వంతు పట్టే ఫొటో 250వ వంతులో అయిపోతుంది. మొదటిదాంట్లో గాల్లో తిరిగే కర్ర మసకగా చెదిరిపోతుంది, రెండోదాంట్లో కర్రగానే కనిపిస్తుంది. ఐఎస్ఓ పెంచితే చాలదా అంటారేమో. 3200 దాకా పెంచండి, తప్పులేదు. ఆపైన చీకటి భాగాల్లో రవ్వలు తేలతాయి. లెన్స్‌లోని స్థిరీకరణ మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాడి కర్రను ఆపలేదు.

50తో జనమంతా ఫ్రేములో పట్టరన్నది నిజమే. మామూలు ఏపీఎస్-సీ సెన్సర్ మీద అది 75–80 ఎంఎంలా పనిచేస్తుంది. కానీ కర్రలకు దూరంగా నిలబడాల్సిన చోట ఆ ఇరుకే మేలు. జూమ్ డబ్బులు రోళ్లపాడు అభయారణ్యంలోని జింకల కోసం దాచుకోండి, పగటి ఎండలో దానికి తిరుగులేదు. మన దుమ్ములో మాత్రం కొండ దగ్గర లెన్స్ మార్చకండి, ఇంట్లోనే బిగించుకుని బయల్దేరండి.