పెద్ద రోడ్డు చివర రేవు

సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే పెద్ద రోడ్డు ఎక్కడిదాకా పోతుంది? విజయవాడ దాకా అంటారు చాలామంది. కాదు. అది ఇంకా సుమారు 70 కిలోమీటర్లు పోతుంది. అక్కడ సముద్రం ఉంది. ఆ ఊరు మచిలీపట్నం. అందరూ బందరు అంటారు. బందరు అంటే పారశీ భాషలో రేవు.

మిర్యాలగూడ వైపు వాళ్లకు కృష్ణానది తెలుసు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లు కూడా చివరికి బందరు వైపు సముద్రానికే పోతాయి.

బందరు చాలా పాత రేవు. కుతుబ్ షాహీ రాజుల కాలంలో గోల్కొండ సరుకు ఇక్కడ ఓడలెక్కేది. వజ్రాలు, నేత బట్టలు, అద్దకం బట్టలు దేశదేశాలకు పోయేవి. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బేరానికి వచ్చారు. ఇంగ్లీషువాళ్లు వచ్చింది 1611లో.

మరి అంత పెద్ద రేవు ఎందుకు చిన్నదయింది? ఇక్కడ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరానే ఆగాలి. సరుకు పడవల మీద మోయాలి. లోతైన రేవులు వేరేచోట్ల వచ్చాక వ్యాపారం అటు పోయింది. చేపల వేట మిగిలింది.

ఇప్పుడు వేట పడవలకు గిలకలదిండి రేవు ఉంది. ఇసుక మేట వేస్తే పడవ కదలదు. పోటు నీళ్ల కోసం ఆగాలి. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట బంద్. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. తల్లిచేప బతికితేనే రేపటి వల నిండుతుంది.

సముద్రం అన్నం పెడుతుంది. ప్రాణమూ తీస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి తుపాను వచ్చింది. ఉప్పెన బందరు మీద పడ్డది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ముందుగా చెప్పే ఏర్పాటే అప్పుడు లేదు. 1977 నవంబరు 19న పక్కనున్న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. ఆ తరువాత తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు.

ఇప్పుడు తుపాను వస్తుంటే రేవులో ప్రమాద సూచిక పెడతారు. దానికి నంబరు ఉంటుంది. 1వ నంబరు అంటే వాయుగుండం దూరాన ఉంది. 10వ నంబరు అంటే పెద్ద తుపాను రేవు మీదికో, దగ్గరికో వస్తోంది. ఆ అంకె అర్థం తెలిసినవాళ్లు పడవ ఒడ్డుకు కట్టి, పిల్లాపాపలతో షెల్టరుకు చేరతారు. ఒక అంకె ఒక ఇంటిని కాపాడుతుంది.

చెప్పండి:
1. బందరు రేవు ఎందుకు చిన్నదయింది?
2. 61 రోజులు వేట ఎందుకు ఆపుతారు?
3. మీ ఊరిలో వరద వస్తే ముందుగా ఎవరు చెబుతారు? ఎక్కడికి పోవాలి?