తేట నీరంతా మంచినీరేనా?

యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చి, ఊరు బాగానే ఉంది గాని నీళ్లే మంచివి కావని చెప్పుకున్న సంగతి మీకు తెలిసిందే (2 రాజులు 2వ అధ్యాయం). ఆయన నేరుగా నీటి ఊట ఉన్న చోటికే వెళ్లాడు. ఆయన ఉప్పు వేసినప్పుడు జరిగింది దేవుని కార్యం. మన బావిలో ఉప్పు పోస్తే క్రిములు చావవు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, అలా పోసినవారిని మేము చూశాం.

గత వర్షాకాలంలో మన నర్సింగ్ విద్యార్థులను తీసుకొని మేము కూడా ఊట వైపే వెళ్లాం. మూసీ నది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదులో మూసీ వాసన తెలియనివారు లేరు గాని, అది పుట్టే చోటు చూసినవారు తక్కువ. 1908లో నగరాన్ని ముంచిన వరద తర్వాతే ఈ నదిపై గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, కట్టారు. అది 1920లో పూర్తయింది. కొండకూ గండిపేటకూ మధ్య ఉన్న పల్లెల్లో కొన్నింటిని మా పాఠానికి ఎంచుకున్నాం.

పరీవాహక ప్రాంతం అనే మాటకు భయపడనక్కరలేదు. పెంకుటింటి కప్పు మీద పడిన వాన అంతా చూరు నుండి కారుతుంది. కప్పు మీద ఆకులుంటే ఆకులు, రెట్ట ఉంటే రెట్ట దానితో పాటే వస్తాయి. నదికి ఆ కప్పు మన పొలాలు, ఊళ్లు, కొట్టాలు. అందుకే విద్యార్థుల చేతికి సీసాలతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చాం. నీళ్లు పట్టిన ప్రతి చోటా చుట్టూ వంద అడుగుల్లో ఏముందో రాయాలి: ఏ పంట, మరుగుదొడ్డి గుంత ఎంత దూరం, పెంటకుప్ప ఎక్కడ, పశువులను ఎక్కడ కడతారు. మొదట అందరూ సీసాల మీదే మోజు చూపారు. కాగితాలు సగం ఖాళీగా వస్తే వెనక్కి పంపాం. మూత లోపలి వైపు వేలు తగిలిన రెండు సీసాలను పారేయించాం. అందుకు కొందరు ముఖం చిన్నబుచ్చుకున్నారు కూడా.

సీసాలో చిన్న మందు కాగితం ఉంటుంది. నీళ్లు గీత వరకు పోసి, మూత బిగించి, నీడన ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలిసిన నీరైతే సాధారణంగా నల్లగా మారుతుంది. ఇది సూచన మాత్రమే, తుది మాట ప్రయోగశాలది. వాగు నీళ్ల సీసాలన్నీ నల్లబడ్డాయి. కొండ కింద పట్టినవి కూడా. పశువులు దిగే వాగు గనుక మేము ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం ఒక చేతిపంపు దగ్గర కలిగింది.

అక్కడ ఒక అవ్వ, "మా బోరు నీళ్లు అద్దం లెక్క ఉంటయి బిడ్డా, అండ్ల ఏం జూస్తరు?" అని నవ్వింది. నిజమే, నీళ్లు తేటగా ఉన్నాయి. మరునాటికి సీసా నల్లబడింది. కాగితం తీసి చూస్తే కారణం కనబడింది. పంపు చుట్టూ గచ్చు పగిలింది, పారిన నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి, నాలుగు అడుగుల దూరంలో అవ్వ బర్రె. మరుగుదొడ్డి గుంత అయితే బోరుకు కనీసం 50 అడుగుల దూరం ఉండాలంటారు. నేల కింద పగుళ్లున్న రాయి ఉన్నచోట ఇంకా దూరం మంచిది, పగుళ్లలో మురికి త్వరగా ప్రయాణిస్తుంది.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కూరగాయల తోటల మధ్య ఒక ఇంట్లో మూడు నెలల బాబు ఉన్నాడు. తల్లి డబ్బా పాలు కలుపుతోంది. "మీరు చెప్పినట్టే సిస్టర్, బావి నీళ్లు సగం అయ్యేదాకా మరిగిస్తున్నా" అంది. ఆ బావి నీటిలో నైట్రేట్ చూస్తే రంగు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్లు సగమైతే మిగిలిన నీటిలో అది రెట్టింపవుతుంది. పైరు తీసుకోని యూరియా, పెంట, మరుగుదొడ్డి ఊట, ఇవన్నీ వానతో నేలలోకి దిగి నైట్రేట్ అవుతాయి. ఆరు నెలల లోపు పసివాళ్ల రక్తంలో ఇది ప్రాణవాయువు మోసే శక్తిని తగ్గిస్తుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురావాలి. దేవుని దయవల్ల ఆ బాబు బాగున్నాడు. కాని "మరిగించి తాగండి" అని మా వార్డు గోడ మీద రాసింది మేమే. ఆ తల్లి మా మాట కంటే ఎక్కువగానే పాటించింది.

ఆ బాబు పాలకు బావి నీళ్లు మానిపించాం. ఆ ఊరికి భగీరథ నల్లా ఉంది, కాని బావి నీళ్ల రుచికి అలవాటుపడి చాలామంది దాన్ని గిన్నెలు తోమడానికే వాడుతున్నారు. నల్లా నీటినీ పరీక్షించాం, నైట్రేట్ హద్దులోపే ఉంది. మరగడం మొదలైన తర్వాత ఒక నిమిషం చాలు, సగం చేయనక్కరలేదు. తల్లిపాలు మళ్లీ పెరిగేలా బాబును తరచుగా రొమ్ముకు పట్టించమని సిస్టర్లు దగ్గర కూర్చొని నేర్పారు. నల్గొండ వైపు నుండి వచ్చేవారికి ఒక మాట: ఫ్లోరైడ్ కూడా మరిగిస్తే పోదు. అది మన పొలం నుండి కాదు, నేలలోని రాతి నుండే వస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు.

గోడ మీది రాత ఇప్పుడు మార్చాం. పసివారికి బావి, బోరు నీళ్లు వాడేవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలని దాని కిందే రాశాం. మీ ఊరి నీటి గురించి అనుమానముంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో అడగవచ్చు. సీసా తీసుకువెళ్లే ముందు ఎలా పట్టాలో మా ప్రజారోగ్య విభాగంలో చూపిస్తాం. కూల్‌డ్రింకు సీసాలో పట్టి తేవద్దు.

మూడు వారాల తర్వాత విద్యార్థులు మళ్లీ వెళ్లారు. పంచాయతీవారు పంపు చుట్టూ గచ్చు కొత్తగా వేసి, నీళ్లు పోవడానికి కాలువ తీశారు, బోరులో క్లోరిన్ వేయించారు. ఈసారి సీసా రెండు రోజులైనా నల్లబడలేదు. అవ్వ బర్రె మాత్రం ఇంకా అక్కడే ఉంది.