ఖజాంచి అయిన మేనకోడలికి

పాల్వంచ

చిరంజీవి మేనకోడలికి,

సంఘం నిన్ను ఖజాంచిగా ఎన్నుకుందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు సంతోషించాను. నీ ఉత్తరం చదివాక ఆ సంతోషం రెట్టింపైంది. పదవి వచ్చిందన్న మురిపెం అందులో ఎక్కడా లేదు, అన్నీ ప్రశ్నలే. "మిరప చేలకు కూలికి పోయి తెచ్చిన కానుకలోంచి పెద్ద సంఘానికి వాటా ఎందుకు పంపాలి మామయ్యా? వాళ్లు మనకేం పంపుతున్నారు?" అని అడిగావు. మందిరం పైకప్పుకు విదేశాల నుంచి డబ్బు వస్తుందని కొందరు పెద్దలు ఎదురుచూస్తున్నారని కూడా రాశావు.

రెంటికీ నేను చెప్పేది ఒకటే, బిడ్డా. స్థానిక సంఘానికీ పెద్ద సంఘానికీ మధ్య నడిచే డబ్బు ఉమ్మడి సొమ్ము. ఇచ్చినవాళ్లకు లెక్క అడిగే హక్కుంది, పుచ్చుకున్నవాళ్లకు లెక్క చెప్పే బాధ్యతుంది. ఏ చేతి నుంచి ఏ చేతికి పోయినా ఈ నియమం మారదు.

కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు ఈ వారం నిదానంగా చదువు. యెరూషలేములో ఇబ్బందిపడుతున్న విశ్వాసుల కోసం చందా పోగుచేసిన వైనం అక్కడుంది. మాసిదోనియ సంఘాలు నిరుపేదవి. అయినా మమ్మల్ని కూడా ఈ పనిలో కలుపుకోమని బతిమాలి మరీ ఇచ్చాయి. అపొస్తలుడైన పౌలు కూడా ఆ సొమ్మును ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపే వీలు లేకుండా తీతునూ, సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణీ ఆ పనికి పెట్టాడు. ఇవ్వడం పేదవాడి గౌరవం. ఆ గౌరవాన్ని మన గూడెం నుంచి ఎవరూ లాక్కోకూడదు, జాలితో కూడా.

విదేశీ సొమ్ము మీద ఆశ పెట్టుకున్న పెద్దలకు మన చరిత్ర చెప్పు. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు దొర 1842 జులై 31న గుంటూరు చేరాడు. కొద్ది ఏళ్లకే రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషను పని మొదలుపెట్టింది. స్వదేశంలో డబ్బుకు కటకటై, ఆ పనిని అమెరికా లూథరన్ల చేతిలో పెట్టాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఛోటానాగపూర్ నుంచి జర్మన్ మిషనరీలను ప్రభుత్వం పంపించేసింది. అక్కడి గోస్నర్ సంఘపు విశ్వాసుల్లో ఎక్కువమంది ముండాలు, ఉరావులు. మన కోయవాళ్లలాగే అడవి బిడ్డలు. దిక్కులేనివాళ్లమైపోయామని వాళ్లు కూర్చోలేదు. 1919 జులై 10న స్వతంత్ర సంఘంగా ప్రకటించుకుని తమ కానుకలతో, తమ మనుషులతో నిలబడ్డారు.

అంత దూరం ఎందుకు, మన డోర్నకల్ చూడు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, సొంత కానుకలతో సువార్తికులను ఆ ప్రాంతానికి పంపారు. దాని స్థాపకుల్లో ఒకరైన అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన ఆంగ్లికన్, మనం లూథరన్లం. ఇచ్చిపుచ్చుకోవడం ఎలాగో నేర్చుకునేటప్పుడు ఆ తేడా అడ్డు రాదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల త్యాగాన్ని మనసారా ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులు కావాలని ఆయన అడిగారు. దాత ముందు చేయి చాచి నిలబడతాం. స్నేహితుడి పక్కన కూర్చుని లెక్క చూస్తాం. నువ్వు కోరుకోవలసిన సంబంధం ఆ రెండోది.

ఇక వాటా ఎందుకంటావా? మీ అయ్యగారికి చదువు చెప్పిన వేదాంత కళాశాలను మీ ఒక్క సంఘం నడపలేదు. అయ్యగారు రిటైరైతే ఆదరించడం, ఏ సంఘమూ లేని గూడేనికి సువార్తికుణ్ణి పంపడం కూడా పదిమంది కలిస్తేనే అయ్యే పనులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది గుర్తుందా? అలాంటి వరదలో మునిగిన సంఘం తన కాళ్ల మీద తాను లేవలేదు, మునగని సంఘాలు చేయందించాలి. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక కూనవరం, చింతూరు, వేలేరుపాడు వైపు విశ్వాసులు వేరే రాష్ట్రం వాళ్లయ్యారు. ముంపు గ్రామాలు ఖాళీ చేయాల్సినవాళ్లు తమ మందిరం గురించి, సమాధుల తోట గురించి ఎవరితో మాట్లాడాలి? రాష్ట్ర సరిహద్దుకు ఇవతలా అవతలా నిలబడి మాట్లాడగలిగేది పెద్ద సంఘమే. నువ్వు పంపే వాటా దాని గొంతు నిలబెడుతుంది.

అయితే వాటా ఎంత అనేది మీ బతుకును చూసి తేల్చాలి. మిరప కోతలప్పుడు, తునికాకు కల్లాల డబ్బు చేతికొచ్చినప్పుడు కానుకలు పెరుగుతాయి. వానాకాలంలో కొలిమి చల్లారినట్టు తగ్గిపోతాయి. నెలకింత అని ఒప్పుకుని ఆపైన బాకీ పడకు. ఏడాది మొత్తాన్ని పండే కాలాలకు సర్ది, ఆ సంగతి కమిటీ తీర్మానంగా రాసి పెద్ద సంఘపు సినడ్‌కు ముందే పంపు. ఇవ్వలేని ఏడాది ఎందుకు ఇవ్వలేకపోతున్నామో చెబుతూ ఉత్తరం రాయి. నోరెత్తకుండా ఎగ్గొట్టడం భాగస్వామ్యాన్ని చంపుతుంది. అలాగే పైనుంచి ఏటా ఆడిట్ అయిన లెక్క రాకపోతే మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు. మళ్లీ అడుగు. అది తిరుగుబాటు కాదమ్మా, సభ్యత్వం.

చట్టం విషయంలో రెండు జాగ్రత్తలు. విదేశీ విరాళాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకి రావాలి. తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు ప్రేమతో ఇచ్చినా అది విదేశీ విరాళమే. కాబట్టి మీ సంఘం ఖాతా నంబరు అలాంటివాళ్లకు ఇవ్వొద్దు, నీ సొంత ఖాతా అసలే వద్దు. రెండోది స్థలం. మనది ఏజెన్సీ, 1/70 చట్టం ఉన్న నేల. గిరిజనులకూ, పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘాలకూ తప్ప ఇక్కడ స్థిరాస్తి బదిలీ చెల్లదు. మందిరానికైనా సరే, తెల్లకాగితం మీద రాయించుకుని స్థలం కొనే పనికి సంఘం డబ్బు ఒక్క రూపాయి కూడా తీయకు. గిరిజనుల భూమికి రక్షణగా వచ్చిన చట్టాన్ని మనమే దొడ్డిదారిన దాటితే, ఆ మందిరంలో న్యాయం గురించి ప్రసంగించలేం.

రోజువారీ పనికి లూథర్ కాలంలోనే మంచి మాదిరి ఉంది. 1523లో సాక్సనీలోని లైస్నిగ్ ఊరివాళ్లు ఉమ్మడి పెట్టె పెట్టుకున్నారు. ఆ నిబంధనలకు లూథరే ముందుమాట రాశాడు. పెట్టెకు నాలుగు వేర్వేరు తాళాలు. ప్రభువులకొకటి, నగర సభకొకటి, పట్టణస్థులకొకటి, పల్లె రైతులకొకటి. పల్లెవాడి తాళంచెవి లేకుండా ప్రభువు కూడా ఆ పెట్టె తెరవలేడు. ఐదువందల ఏళ్ల కిందటి ఆ కట్టడి మీ గూడెంలోనూ సాగుతుంది. ఆరాధన అయ్యాక కానుకను ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు అందరి ఎదుటా లెక్కపెట్టాలి. పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలు ఉండాలి. స్త్రీల సమాజం ఇంటింటా కూడబెట్టే పిడికెడు బియ్యాన్ని తూచి, వేలం పాట డబ్బుకు రసీదు రాయి. వరద సాయానికి వచ్చింది వరద సాయానికే పోవాలి, పైకప్పుకు మళ్లకూడదు. మూడు నెలలకోసారి లెక్క చదువు. చదువు రాని అవ్వలకు కోయ భాషలో చెప్పించు. వాళ్లకు అర్థం కాని లెక్క, చెప్పని లెక్కతో సమానం.

"మా మీద నమ్మకం లేదా?" అని ఎవరైనా పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు. వాళ్లతో గౌరవంగానే మాట్లాడు, పద్ధతి మాత్రం సడలించకు. ఈ కట్టడి ముందు నీకే వర్తిస్తుందని చూపించు: నీ పుస్తకాన్ని అయ్యగారితో, మరో ఇద్దరితో ప్రతి నెలా తనిఖీ చేయించుకో. నిజాయితీ ఉన్నవాళ్లను నిందల నుంచి కాపాడేది ఆ సంతకాలే.

పైకప్పు మాటకొస్తే, ముందు మీరు ఎంత వేయగలరో, ఎన్ని రోజుల పని ఇవ్వగలరో రాసుకోండి. తక్కువ పడినదాన్ని అంచనా కాగితంతో సినడ్‌ను అడగండి. వచ్చే కోత పండుగ నాటికి ఆ లెక్కా, సినడ్‌కు పంపాల్సిన వాటా తీర్మానమూ రెండూ సభ ముందు పెట్టు. నీ వెనక మీ మామయ్య ఉన్నాడు. అంతకు మించి, నీ మీద నమ్మకంతో తాళంచెవి చేతికిచ్చిన సంఘం ఉంది.

ప్రార్థనలతో,
మీ మామయ్య